క్యారీ అవుట్‌తో అయిదు వాక్యాలు

ఆ లాండ్రీలో నలభై రెండు మంది పనిచేస్తుంటే కుర్చీ మాత్రం ఒక్కటే ఉండేది. మేనేజరు గదిలోవి లెక్కలోకి రావు. అవి గాజు తలుపుకు అవతల ఉంటాయి, అటువైపు ఎవరూ కన్నెత్తి చూడరు. ఈ కుర్చీ దుప్పట్లు ఇస్త్రీ చేసే మూడు రోలర్లకూ ఎదురుగా, గోడవారగా, ఒక చిన్న బల్ల ముందు ఉంటుంది. షిఫ్టు ఇన్‌చార్జి అందులో కూర్చుని రిజిస్టరు రాస్తాడు, ఎవరైనా కబుర్లలో పడితే గట్టిగా దగ్గుతాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ కుర్చీ, ఆ దగ్గూ పెద్దమేస్త్రివే. నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నాడు. అందుకని ఆ కుర్చీ మీద రోలరక్క కన్ను పడింది.

రోలరక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పంతొమ్మిదేళ్ళుగా ఒకటో నంబరు రోలరుకు దుప్పట్లు అందిస్తోంది కాబట్టి ఆ పేరు. ఆస్పత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ వచ్చిన దుప్పట్లను ఉతికి, పిండి, ఇంకా తడి ఆరకముందే ఆమె ముందు కుప్ప పోస్తారు. ఒక కొస ఆమె, ఒక కొస ఎదుటి మనిషి పట్టుకుని, అంచు సరిచేసి, సలసల కాలుతున్న రోలరు కిందకు అందిస్తే అవతలి పక్కన నున్నగా ఇస్త్రీ అయి వస్తుంది. నిమిషానికి నాలుగు దుప్పట్లు. అంతా నిలబడే. ఇప్పుడు యాభై రెండేళ్ళకు మోకాళ్ళు రెండూ మొండికేశాయి. డాక్టరు, "నిలబడే పని మానెయ్యమ్మా," అన్నాడు. ఆయనకేం, కూర్చునే చెప్పాడు.

కుర్చీకి అడ్డు ఒక్కటే, ఇంగ్లీషు. రోజూ పొద్దున్నే దుప్పట్లు పెట్టడానికి ముందు రిజిస్టరులో ఒక వాక్యం రాయాలి: "సేఫ్టీ చెక్ క్యారీడ్ అవుట్. ఆల్ మెషీన్స్ నార్మల్." దాన్ని ఎవరో మహానుభావుడు మొదటి పేజీలో రాసిపెట్టి పోయాడు. అప్పటి నుంచి పై వరస చూసి కింది వరస దించడమే. పెద్దమేస్త్రి సెలవు పెట్టిన రోజుల్లో రోలరక్క దించేది. బొమ్మ గీసినట్టు, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని గీసేది. ఆయన రాతకన్నా ఆమెదే అందంగా ఉంటుందని అందరూ అనేవాళ్ళు. ఆమె కూడా కాదనేది కాదు.

కిందటి నెల తనిఖీకి వచ్చిన ఒక ఆఫీసరు ఆ వాక్యం మీద వేలు పెట్టి, ఇదేమిటని అడిగాడు.

"అంతా ఓకే అని సార్," అన్నాడు పెద్దమేస్త్రి.

"ఓకే అని మీకెలా తెలిసింది?"

"రాసుందిగా సార్."

మేనేజరు మొహం మాడిపోయింది. ఆయన వచ్చి ఆర్నెల్లే అయింది, కొత్త ఊపు ఇంకా తగ్గలేదు. మర్నాడే గోడ మీద కాగితం అంటించాడు. ఇకమీదట కుర్చీలో కూర్చోదలచినవాళ్ళు ‘క్యారీ అవుట్’ అనే మాటతో సొంతంగా, తమ పని గురించి, ఇంగ్లీషులో అయిదు వాక్యాలు రాయాలి. బయటి నుంచి ఒక మాస్టారు వచ్చి దిద్దుతారు. చూసి రాయడం కుదరదు. పేర్లిచ్చింది ఇద్దరే. ఒకరు రోలరక్క, రెండోవాడు మడతల సెక్షన్‌లో పనిచేసే ‘సరేసార్’. అతనికి ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లో కోడలు టీచరు, మూడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. కొడుకు ఉద్యోగం మీద ఊళ్ళు పట్టుకుని తిరుగుతుంటాడు కాబట్టి ఇల్లంతా అత్తాకోడళ్ళ రాజ్యం. ఆరేళ్ళుగా తనకు పాఠాలు చెబుతూ వచ్చిన అత్తగారు ఒక సాయంత్రం నోట్‌బుక్కు చేతబట్టుకుని ఎదురుగా వచ్చి కూర్చునేసరికి కోడలికి నవ్వు ఆగలేదు.

"నవ్వితే నవ్వావు గానీ, మీ పిల్లల్ని కొట్టినట్టు కొట్టకు," అంది రోలరక్క.

"కొట్టను అత్తయ్యా. ఇంపోజిషన్ రాయిస్తా."

మొదటి గంట చిక్కుల్లోనే పోయింది. క్యారీ అంటే మొయ్యడమని, అవుట్ అంటే బయట అని రోలరక్కకు తెలుసు. తనిఖీని బయటికి మోసుకుపోవడమేమిటో ఆమెకు కొరుకుడుపడలేదు.

"విడివిడిగా చూడకండి. ఇంగ్లీషులో ఇలా రెండు మాటలు కలిసి కాపురం పెడుతుంటాయి. పెట్టాక పుట్టింటి పోలికలు వెతక్కూడదు. చెయ్యాల్సిన పని చేసెయ్యడం, అదీ అర్థం."

"ఓస్, ఇంతేనా. ఐ క్యారీడ్ అవుట్ టీ."

"కుదరదు అత్తయ్యా."

"ఐ క్యారీడ్ అవుట్ వంట."

"అసలు కుదరదు."

"ఏం, వంట చెయ్యాల్సిన పని కాదా? రెండు పూటలు మానేస్తాను, అప్పుడు తెలుస్తుంది నీకూ, నీ ఇంగ్లీషుకీ."

కోడలు ఓపిగ్గా మళ్ళీ మొదలుపెట్టింది. ముందు ఒక మాట ఉండాలట. చేస్తానని మనమే మాటివ్వడమో, చెయ్యమని పైవాళ్ళు చెప్పడమో, చెయ్యాలని ఎక్కడో రాసి ఉండడమో. ఆ మాట ప్రకారం పని జరిగితే అప్పుడు క్యారీ అవుట్. ప్రామిస్, ఆర్డరు, రిపేరు, చెక్, ఇలాంటి వాటికే నప్పుతుంది. ఇది రోలరక్క బుర్రకు ఎక్కింది. రెండు రోజుల్లో నిన్నటిదీ రేపటిదీ, చేసిందీ చెయ్యనిదీ కూడా తిప్పి తిప్పి చెప్పడం పట్టుబడింది. బస్సులో, "ఐ విల్ క్యారీ అవుట్, ఐ డిడ్ నాట్ క్యారీ అవుట్," అని గొణుక్కుంటుంటే పక్క సీటావిడ సంచి సర్దుకుని కాస్త ఎడంగా జరిగింది.

కోడలికి ఒక పిచ్చి ఉంది. ఎవరు ఏ వాక్యం రాసినా అది నిజమై ఉండాలి. ఆమె క్లాసులో ఏ పిల్లాడైనా ‘నాకు గుర్రం ఉంది’ అని రాస్తే, ఎక్కడ కట్టేశావని అడిగి ఆ వాక్యం కొట్టేస్తుంది. మనది కాని మాటను వందసార్లు రాసినా ఒంటబట్టదని ఆమె సిద్ధాంతం. దానివల్ల ఆ స్కూల్లో ఆమెకు మంచిపేరూ, తల్లులతో తగాదాలూ సమానంగా వచ్చాయి. నాలుగో రోజు సాయంత్రం అత్తగారిని కూడా అలాగే అడిగింది.

"మీ పని గురించి ఒక నిజం వాక్యం రాయండి."

రోలరక్కకు అది నల్లేరు మీద నడకే. రిజిస్టరులోని వాక్యాన్ని గుండ్రటి అక్షరాలతో దించేసింది. కోడలు మెచ్చుకుని, చెక్ అంటే ఏం చేస్తారని మామూలుగా అడిగింది.

"రోలరుకి ముందు ఒక అడ్డబద్ద ఉంటుంది. చెయ్యి ఇరుక్కుంటే ఆ బద్దని తొయ్యాలి, తొయ్యగానే రోలరు ఆగిపోవాలి. పొద్దున్నే దాన్ని తోసి, ఆగుతోందో లేదో చూడాలి. చేరిన రోజునే అందరికీ చెప్తారు."

"రోజూ తోస్తారా?"

"రోజూనా? ఒకసారి ఆగితే మళ్ళీ వేడెక్కడానికి పావుగంట. మూడింటికీ ముప్పావుగంట. అవతల ఆస్పత్రి వ్యాను వచ్చి హారన్ కొడుతుంటే ఎవరు తోస్తారే?"

"ఆఖరిసారి ఎప్పుడు తోశారు మరి?"

రోలరక్క ఫ్యాను వంక చూస్తూ ఆలోచించింది. "నేను చేరిన రోజు తోసి చూపించారు."

కోడలు పెన్ను తీసుకుని ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది.

"ఇంగ్లీషు తప్పా?"

"ఇంగ్లీషు బ్రహ్మాండంగా ఉంది అత్తయ్యా. గుర్రమే లేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కోడలు గిన్నెలు సర్దడానికి లేచింది. రోలరక్క మాత్రం కొట్టేసిన ఆ వాక్యం వంకే చూస్తూ ఉండిపోయింది. ఆమెకు పిట్ట గుర్తొచ్చింది.

అందరూ పిట్ట అని పిలిచే ఆ అమ్మాయి మూడో రోలరు దగ్గర పనిచేసేది. బక్కపలచటి మనిషి, చేతులు చురుకు. రెండేళ్ళ కిందట ఒకరోజు దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుని కుడిచెయ్యి రోలరు కిందికి పోయింది. రెండు వేళ్ళు పోయాయి. విచారణ జరిగింది. ఆ పొద్దున రిజిస్టరులో తనిఖీ జరిగినట్టు స్పష్టంగా రాసి ఉంది కాబట్టి అడ్డబద్ద బాగానే ఉందనీ, దాన్ని తోసి ఉంటే రోలరు ఆగేదనీ, అమ్మాయి పరధ్యానంగా ఉండి తొయ్యలేదనీ తేల్చి ఆమెను పంపేశారు. అప్పటి నుంచి కొత్తగా చేరే ప్రతి మనిషికీ రోలరక్కే బుద్ధి చెబుతోంది, పిట్టలా పరధ్యానంగా చెయ్యి పెట్టకండి అని. ఆ ప్రమాదం జరిగిన రోజు పెద్దమేస్త్రి పంటినొప్పితో సెలవు పెట్టాడు.

మర్నాడు రోలరక్క అందరికన్నా ముందు లాండ్రీకి వెళ్ళి పాత రిజిస్టర్ల బీరువా తెరిచింది. పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ తేదీకి ఎదురుగా ఆమె గుండ్రటి అక్షరాలే ఉన్నాయి. ఇన్నాళ్ళూ బొమ్మగా కనపడింది ఆ పొద్దున మొదటిసారి మాటలుగా కనపడింది. తనిఖీ చేశాం, అన్ని యంత్రాలూ బాగున్నాయి. కింద ఆమె సంతకం. రోలరక్కకు సిగ్గేసింది, భయమూ వేసింది.

తర్వాత ఆమె చేసిన పనికి ఆ రోజంతా అందరి చేతా చీవాట్లు తింది. రోలర్లు తిరగడం మొదలవగానే పొడుగు చీపురు వెదురు కర్ర తీసుకెళ్ళి ఒకటో రోలరు అడ్డబద్దను తోసింది. ఆగింది. రెండోదాన్ని తోసింది, అదీ ఆగింది. మూడోదాన్ని ఒకసారి, రెండుసార్లు, మూడోసారి బలమంతా పెట్టి తోసింది. రోలరు తన మానాన తాను తిరుగుతూనే ఉంది. మెకానిక్కు వచ్చి పక్కనున్న పెట్టె విప్పి చూసి, బద్ద నుంచి వచ్చే తీగను ఎవరో విడదీసి, మిగతా రెండు తీగల్నీ కలిపి ముడేశారని చెప్పాడు. మాటిమాటికీ ఆగకుండా ఉండటానికి చేసిన ఏర్పాటది.

"ఎప్పుడు కట్టింది ఇది?" అని అడిగింది రోలరక్క.

"నిన్నా మొన్నా కాదక్కా. దుమ్ము చూడు, అట్ట కట్టింది. నాలుగైదేళ్ళ పైమాటే."

మధ్యాహ్నం పెద్దమేస్త్రి ఆమెను పక్కకు పిలిచాడు. కోపంగా లేడు, అలసిపోయినట్టున్నాడు.

"ఆ వాక్యం అర్థం నాకూ తెలీదు, నీకూ తెలీదు. తెలీక రాసినందుకు ఎవరూ మనని ఉరి తియ్యరు. అది పోయిన కథ. ఎల్లుండి పరీక్ష రాసి కుర్చీలో కూర్చో. ఇకనుంచి నువ్వు తోసే రాయి, ఎవరు కాదన్నారు?"

ఈ మాటలో తప్పేమీ రోలరక్కకు కనపడలేదు. కనపడకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఆ రెండు రోజులూ ఆమె కోడలితో కూడా ముక్తసరిగానే మాట్లాడింది.

పరీక్ష క్యాంటీన్‌లో పెట్టారు. మాస్టారు చెరో తెల్లకాగితం ఇచ్చి, అరగంట టైము చెప్పి, కిటికీ దగ్గర పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. సరేసార్ పది నిమిషాల్లో ముగించాడు. రోలరక్కకు అరగంటా పట్టింది. ఆమె ఇంగ్లీషులో రాసినవి ఇక్కడ తెలుగులో చెప్పుకుందాం. నాకు ఇంగ్లీషు నేర్పుతానన్న మాటను నా కోడలు క్యారీ అవుట్ చేసింది. మొన్న నేను మూడు రోలర్లకు తనిఖీ క్యారీ అవుట్ చేశాను, మూడోది ఆగలేదు. అంతకుముందు పంతొమ్మిదేళ్ళలో ఏ రోజూ మేము తనిఖీ క్యారీ అవుట్ చేయలేదు. మూడో రోలరు కింద చెయ్యి పడిన రోజు కూడా (ఇక్కడ తేదీ వేసింది) మేము తనిఖీ క్యారీ అవుట్ చేయలేదు. ఇవి నాలుగు. అయిదోది: చేశామని రిజిస్టరులో రాసింది నేనే, అప్పుడు నాకు ఆ మాటకు అర్థం తెలియదు.

మాస్టారు నిక్కచ్చి మనిషి. నాలుగింటికీ ఎర్రసిరాతో టిక్కులు పెట్టాడు. అయిదోదాని కింద గీత గీసి, ఇచ్చిన మాట ఇందులో వాడలేదని రాసి సున్నా వేశాడు. అయిదుకు నాలుగు. సరేసార్‌కు అయిదుకు అయిదు వచ్చాయి. అతను అయిదు వాక్యాల్లోనూ మేనేజరు గారి ఆదేశాలనే క్యారీ అవుట్ చేశాడు.

సాయంత్రం మేనేజరు రోలరక్కను గాజు తలుపు లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. పంతొమ్మిదేళ్ళలో ఆమె ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. ఆయన ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆమె రాసింది, రెండోది ఖాళీది.

"మీ ఇంగ్లీషు చాలా బాగుందమ్మా. నిజం చెప్పాలంటే అనుభవం కూడా మీకే ఎక్కువ. కుర్చీ మీకే ఇవ్వాలని నాకుంది," అన్నాడు.

"చాలా సంతోషం సార్."

"మూడో రోలరుకి కొత్త తీగ రేపే వేయిస్తాను. అది మంచిపని చేశారు. పాత సంగతి మాత్రం... అప్పుడు నేనిక్కడ లేను. మీరూ కావాలని చెయ్యలేదు. ఈ కాగితం ఫైల్లోకి పోతే ఎటుపోయి ఎటొస్తుందో నాకే తెలీదు. మాస్టారు ఇంకో అరగంట ఉంటారు. ఇంకో అయిదు వాక్యాలు రాయండి. వేరేవి."

ఖాళీ కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. దాని మీద పెన్ను కూడా పెట్టాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, తన నెత్తి మీదికి రాకుండా చూసుకునే మామూలు మనిషి. రోలరక్కకు ఆ క్షణాన కుర్చీ ఎంత కావాలనిపించిందంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేపు పొద్దున మళ్ళీ ఎనిమిది గంటలు నిలబడాలి. ఎల్లుండీ నిలబడాలి. ఇంకో ఆరేళ్ళు నిలబడాలి. ఆమె ఖాళీ కాగితాన్ని అక్కడే ఉంచి, తను రాసినదాన్ని తీసుకుని మడిచింది.

"నాకు నాలుగు చాలు సార్."

"ఆ కాగితం ఇక్కడ ఉండనివ్వండమ్మా."

"దిద్దిన పేపరు రాసినవాళ్ళకి ఇచ్చేస్తారు సార్. మా కోడలు టీచరు, నాకు తెలుసు," అని లేచి వచ్చేసింది. ఆయన వెనక నుంచి ఏదో అన్నాడు గానీ రోలర్ల చప్పుడులో వినపడలేదు.

పిట్ట రెండు వీధుల అవతల ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తోందని అందరికీ తెలుసు. తెలిసినా ఈ రెండేళ్ళలో ఎవరూ అటు వెళ్ళలేదు. రోలరక్క వెళ్ళేసరికి షాపులో వేరే ఎవరూ లేరు. పిట్ట కౌంటరు వెనక నిలబడి, మిగిలిన మూడు వేళ్ళతో కాగితాల కట్టను తట్టి సరిచేస్తోంది. పలకరించింది, కోడలు బాగుందా అని అడిగింది. రోలరక్క మంచిచెడ్డలేవీ మాట్లాడకుండా కాగితం విప్పి కౌంటరు మీద పెట్టి, అందులో ఏముందో ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెప్పింది. మెకానిక్కు చెప్పిన దుమ్ము సంగతీ చెప్పింది.

పిట్ట అంతా విని చేతిలోని కట్టను పక్కన పెట్టింది.

"నేను ఎడం మోచేత్తో బద్దని తోశానక్కా," అంది. "రెండుసార్లు తోశాను. ఆగలేదు. విచారణలో అదే చెప్పా. కానీ బద్ద బాగానే ఉందని రాతలో ఉందన్నారు. రాతలో ఉన్నాక అబద్ధం ఎలా అవుతుంది? నేను తొయ్యలేదేమో, తోశానని తర్వాత ఊహించుకున్నానేమో అనుకున్నా. మా ఆయన అడిగితే కూడా తొయ్యలేదనే చెప్పా."

"నాకు తెలీదమ్మా. ఆ మాటకి అర్థం నాకు నిజంగా తెలీదు. మొన్న మా కోడలు చెప్పేదాకా నేను ఏం రాశానో నాకే తెలీదు," అంది రోలరక్క. ఈ మాట ఆమె మూడు రోజులుగా లోపల సిద్ధం చేసుకుంటోంది.

పిట్ట ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

"బద్ద తోసి చూళ్ళేదని తెలియడానికి నీకు ఇంగ్లీషు ఎందుకక్కా?"

  తెలియనితనమనే గోడ వెనక దాక్కున్నాననుకుంది గానీ, ఆ గోడ అసలు ఎప్పుడూ లేదని రోలరక్కకు అర్థమైంది.

"అక్కర్లేదు," అంది.

పిట్ట తలూపి ఆ కాగితాన్ని తీసుకుంది. మిషన్ మూత ఎత్తి బోర్లా పెట్టి మూడు కాపీలు తీసింది. అసలుదాన్ని తన డ్రాయరులో పెట్టుకుని, ఒక కాపీ రోలరక్కకు ఇచ్చింది. రోలరక్క వెళ్ళడానికి తిరిగేసరికి ఫోను తీసి ఎవరికో చేస్తోంది.

"నేనే. ఏం లేదు, కంగారు పడకు. ఆ రోజు నేను బద్ద తోశాను." అవతల ఏ చప్పుడులో ఉన్నాడో, భర్తకు సరిగా వినపడినట్టు లేదు. పిట్ట ఫోను రెండో చెవికి మార్చుకుని ఇంకాస్త గట్టిగా చెప్పింది. "తోశాను."